డెర్బీ మర్నాడు కలిమెలలో: గోలీని మార్చినవాడిది తప్పేనా?

ఒడిశా మల్కన్‌గిరి జిల్లా కలిమెలలో బస్సులు ఆగే చోట ఒక టీ కొట్టు. పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టిన ఒక ఫోను. దాని చుట్టూ తొమ్మిదిమందిమి. 2025 అక్టోబరు 18, శనివారం రాత్రి. రెండ్రోజుల్లో మాకు దీపావళి, బెంగాలీ ఊళ్ళలో కాళీపూజ. పందిరి గుంజలు పాతుతున్న కుర్రాళ్ళు కూడా గునపాలు పక్కన పడేసి వచ్చి కూచున్నారు. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఐఎఫ్ఏ షీల్డ్ ఫుట్‌బాల్ ఫైనల్, ఒకే ఊరి ప్రత్యర్థులు మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ, అంటే డెర్బీ. 1-1 మీద తొంభై నిమిషాలూ గడిచిపోయాయి, అదనపు అరగంట కూడా ఆఖరికొచ్చేసింది. అప్పుడు ఈస్ట్ బెంగాల్ కోచ్ ఆస్కార్ బ్రుజోన్ గోలీని, అంటే గోల్ కాపరిని, మార్చాడు. అప్పటిదాకా నిలబడ్డ ప్రభ్‌సుఖన్ గిల్ బయటికి, ఆట సమంగా ముగిస్తే చెరో అయిదు తన్నే పెనాల్టీల కోసమని దేబ్‌జిత్ మజుందార్ లోపలికి.

చేపలమ్మే దాదా, ఈస్ట్ బెంగాల్ పిచ్చివాడు, లేచి నిలబడ్డాడు. "బాగున్న గోలీని తీస్తాడేంటి! బుర్రుందా వీడికి?"

మా బావ టీ గ్లాసు కింద పెట్టి చిన్నగా నవ్వాడు. బావ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. మామయ్య రిటైరయ్యాక కుటుంబం ఇటొచ్చేసింది గానీ, మోహన్ బగాన్ పిచ్చి కూడా ట్రంకు పెట్టెల్తో పాటే దిగింది. బజారంతా ఆయన్ని బావ అనే పిలుస్తుంది, దాదాతో సహా.

కాసేపట్లో అంతా అయిపోయింది. జయ్ గుప్తా తన్నిన బంతిని మోహన్ బగాన్ గోలీ విశాల్ కైత్ ఆపాడు. దేబ్‌జిత్ చేతికి ఒక్కటీ చిక్కలేదు. 5-4తో షీల్డ్ మోహన్ బగాన్‌ది. దాదా చెప్పులు వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మాటలన్నీ ఆదివారం పొద్దున్న చేపల బల్ల దగ్గరికి దాచుకున్నాడని అప్పుడు మాకు తెలీదు.

ఆ పొద్దున్న బల్ల చుట్టూ నేను విన్నవి ఇవి. గిల్ ఉంటే గెలిచేవాళ్ళం. దేబ్‌జిత్ దండగ. జయ్ గుప్తాని ఎవడు తన్నమన్నాడు. అసలు కోచ్‌కి మన ఆట తెలీదు. కోల్‌కతాలో అయినా, కలిమెలలో అయినా డెర్బీ మర్నాడు వినపడేవి ఈ నాలుగు మాటలే. వింటే ఒకే ఏడుపులా ఉంటుంది. నిజానికి అందులో మూడు వేరు వేరు తగువులు పేటలు పేటలుగా పేనుకుపోయి ఉన్నాయి. కోచ్ ఆ నిమిషానికి తనకి తెలిసినదాన్ని బట్టి సరైనవాణ్ణి దించాడా అన్నది ఒకటి. దిగినవాడు తనకి అప్పజెప్పిన పని చేశాడా అన్నది ఇంకొకటి. చివరికి స్కోరు ఏమైంది అన్నది మూడోది. ఈ మూడోది అన్నిటికంటే ఆఖర్న తెలుస్తుంది, కానీ మొదటి రెండింటి మీదా తీర్పు చెప్పేది అదే. నాకు ఈ తగువంతటిలో చిరాకు పుట్టించే సంగతి అదొక్కటే, అందుకే ఈ చిక్కు విప్పుదామని కూచున్నాను.

గోలీ సంగతి ముందు చూద్దాం. పెనాల్టీ అంటే పన్నెండు గజాల దూరం నుంచి తన్నే బంతి. పెద్ద స్థాయి ఆటల్లో ఏళ్ళ తరబడి తీసిన లెక్కల ప్రకారం నాలుగు పెనాల్టీల్లో మూడు, ఆ పైచిలుకు, గోల్ అవుతాయి. ఆ నాలుగోది కూడా గోలీ ఆపిందే కానక్కర్లేదు, బయటికి పోవచ్చు, కర్రకి తగలొచ్చు. అంటే గోలీ ఎంత మొనగాడైనా అయిదు బంతుల్లో ఒకటి ఆపితే గొప్ప.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. ఒక గోలీ అయిదింటికి ఒకటి ఆపుతాడు, ఇంకొకడు నాలుగింటికి ఒకటి ఆపుతాడు అనుకుందాం. రెండోవాడు మెరుగే, సందేహం లేదు. ఎంత మెరుగు? ఇరవై పెనాల్టీలకి మొదటివాడు నాలుగు ఆపితే, రెండోవాడు అయిదు ఆపుతాడు. ఇరవైకి ఒక్కటి తేడా. ఒక ఫైనల్లో అతను ఎదుర్కొనేది అయిదు. ఆ అయిదింటిలో రెండోవాడు ఒక్కటీ ఆపలేకపోయే అవకాశం ఎంతో తెలుసా? దగ్గర దగ్గర నాలుగో వంతు. అంటే ఆ మెరుగైనవాడే నాలుగు ఫైనళ్ళకి ఒక దాంట్లో చేతులూపుకుంటూ ఇంటికి వెళ్ళాల్సిందే. కాబట్టి దేబ్‌జిత్ ఒక్కటీ ఆపలేదు అన్న ఒక్క ముక్కతో అతన్ని దించడం తప్పని తేల్చలేం. ఒక రోజు చూసి తేల్చడం, ఒక పులస ముక్క తిని గోదావరి చేపలన్నిటి రుచీ చెప్పినట్టు.

దాదాకి ఇది నచ్చలేదు. "లెక్కలు చెప్పకు. ప్రపంచంలో ఎవడైనా ఇలా చేశాడా?" అన్నాడు.

చేశారు. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో కోస్టారికా మీద నెదర్లాండ్స్ కోచ్ లూయీ వాన్ హాల్ అదనపు సమయం ఆఖర్న సిలెసెన్‌ని తీసి టిమ్ క్రూల్‌ని దించాడు. క్రూల్ రెండు ఆపాడు, నెదర్లాండ్స్ 4-3తో గెలిచింది, వాన్ హాల్ మేధావి అయ్యాడు. కానీ నాకు అంతకంటే పనికొచ్చే ఉదాహరణ ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీది. 2021 ఆగస్టులో యూఈఎఫ్ఏ సూపర్ కప్, విల్లారియల్ మీద. పెనాల్టీల ముందు కోచ్ థామస్ టూకెల్ మెండీని తీసి కెపాని దించాడు. కెపా రెండు ఆపాడు, కప్పు వచ్చింది. ఆర్నెల్లు తిరిగాయి. 2022 ఫిబ్రవరి, వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్, ఎదురుగా లివర్‌పూల్. అదే కోచ్, అదే మెండీ బయటికి, అదే కెపా లోపలికి. ఈసారి కెపా ఒక్కటీ ఆపలేదు. చివరికి తనే తన్నాల్సి వచ్చి బంతిని గోల్ మీదుగా ఆకాశంలోకి పంపాడు. 11-10తో కప్పు పోయింది. ఆర్నెల్ల కింద చప్పట్లు కొట్టించుకున్న నిర్ణయమే ఆ రాత్రి తిట్లు తినిపించింది. నిర్ణయంలో మారిందేమీ లేదు.

ఇలా అన్నానని బ్రుజోన్‌కి వకాల్తా పుచ్చుకున్నట్టు కాదు. అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి, అవి వేరే. ఆ వారం ప్రాక్టీసులో ఇద్దరు గోలీలూ ఎలా ఉన్నారు? రెండు గంటల పాటు ఆటలో కళ్ళు, కాళ్ళు అలవాటు పడ్డవాణ్ణి తీసి, చల్లగా బెంచీ మీద కూచున్నవాణ్ణి నేరుగా పెనాల్టీలకి నిలబెట్టడంలో నష్టమెంత? గిల్‌కి ఈ సంగతి ముందే చెప్పారా, అప్పటికప్పుడు బోర్డు ఎత్తారా? మొదటి గోలీ మనసు మీద ఇది తర్వాతి ఆటల్లో ఏం చేస్తుంది? ఈ నాలుగూ స్కోరు తెలియకముందే అడగదగ్గవి. గెలిచినా అడగాల్సినవి. ఆ రాత్రి దేబ్‌జిత్ ఒకటి ఆపి ఉంటే దాదా వీటిలో ఒక్కటీ అడిగేవాడు కాదని ఆయనే ఒప్పుకున్నాడు, అదీ నాలుగో సిగరెట్టు తర్వాత.

బావ నవ్వుకి కూడా లెక్క చెప్పాలి. ఆ ఫైనల్ మొదటి సగంలో మోహన్ బగాన్‌కి పెనాల్టీ వచ్చింది. జేసన్ కమింగ్స్ దాన్ని వృథా చేశాడు. తర్వాత కాసేపటికే హమీద్ అహదాద్ ఈస్ట్ బెంగాల్‌కి గోల్ కొట్టాడు. విరామానికి ముందు అపుయా సమం చేశాడు. షీల్డ్ చేజారి ఉంటే ఆదివారం పొద్దున్న ఖరగ్‌పూర్ బావ నోట్లో నానే పేరు కమింగ్స్. గెలిచారు గనక ఆ పెనాల్టీ ఎవడికీ గుర్తు లేదు. నేను గుర్తు చేస్తే "ఎప్పుడూ?" అన్నాడు.

కలిమెలలో ఈ గొడవేమిటి అని బయటివాళ్ళకి అనిపించొచ్చు. మల్కన్‌గిరి జిల్లా మ్యాపులో ఒడిశాకి దక్షిణాన వేలాడే తోక. ఆ తోక చివర మోటు, అక్కడ సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. అవతల ఒకవైపు ఆంధ్ర, ఒకవైపు ఛత్తీస్‌గఢ్. భువనేశ్వర్‌కి రాత్రంతా బస్సు, భద్రాచలం మాత్రం పక్కూరికి వెళ్ళొచ్చినట్టే. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద, తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన బెంగాలీలకి ఇక్కడ అడవి కొట్టించి భూములిచ్చారు. ఆ ఊళ్ళకి పేర్లు పెట్టలేదు, నంబర్లు వేశారు. ఎంవీ, పక్కన ఒక అంకె. ఎంవీ అంటే మల్కన్‌గిరి విలేజ్. ఇప్పటికీ అవే పేర్లు. సంతలో నిలబడితే కోయ, ఒడియా, తెలుగు, బెంగాలీ ఒకే బేరంలో నాలుగూ వినపడతాయి.

దాదా తాత వచ్చింది బరిసాల్ నుంచి, ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. దాదా బరిసాల్ చూడలేదు, పద్మా నది చూడలేదు. తాతల దేశం మ్యాపులోంచి పోయింది, పేరు మాత్రం ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి మిగిలింది. అలాంటివాడితో "ఆటే కదా దాదా" అనకూడదు, నేనొకసారి అని చూశాను.

తమాషా ఏమిటంటే, ఆ క్లబ్బు పుట్టిందే టీము ఎంపిక మీద తగువుతో. 1920 జులై 28న కోల్‌కతాలో కూచ్‌బిహార్ కప్ ఆట, మోహన్ బగాన్‌కీ జోడాబగాన్ క్లబ్బుకీ. జోడాబగాన్ తన జట్టులోంచి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి తప్పించింది. అతను తూర్పు బెంగాల్ వాడు. క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అతన్ని ఆడించమని పట్టుబట్టాడు. వాళ్ళు వినలేదు. చౌధురి క్లబ్బు వదిలేసి, కలిసొచ్చిన మిత్రులతో ఆగస్టు 1న కొత్త క్లబ్బు పెట్టాడు. అదే ఈస్ట్ బెంగాల్. మోహన్ బగాన్ అప్పటికే 1889 నాటిది. పదకొండుమందిలో ఒక పేరు లేనందుకు లేచి వెళ్ళిపోయిన మనిషి వల్ల ఈ డెర్బీ అంటూ ఒకటి ఏర్పడింది. నూట అయిదేళ్ళ తర్వాత మా దాదా చేపల కత్తి పట్టుకుని అడుగుతున్నదీ అదే: మావాణ్ణి ఎందుకు తీశారు?

"మావాడు" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. జట్టులో బెంగాలీలు తగ్గిపోయారు, బయటివాళ్ళకి డెర్బీ విలువేం తెలుసు అని ప్రతి ఓటమి తర్వాతా ఒక గొంతు లేస్తుంది. చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. 1949 నుంచి 1953 దాకా ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఆడిన అయిదుగురిని పంచ పాండవులనేవారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. వాళ్ళలో బెంగాలీ ఒక్కడూ లేడు. 1949, 50, 51 వరసగా మూడు షీల్డులు ఆ జట్టు గెలుచుకుంది. "అప్పారావు అంటే మీవాడా?" అని దాదా నన్ను అడిగినప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, దాచుకోను. ఆ తర్వాత అదే ఎరుపు పసుపు చొక్కాలో మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆడాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు దాదా కొట్లో ఫోటో పెట్టాడు, తెలుగువాళ్ళం మేమెవరం పెట్టలేదు.

ఇక రెండో పేట, ఆటగాడి ఆట. మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక చిక్కుంది. మనం క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం. క్రికెట్‌లో ప్రతి బంతికీ వేసినవాడు ఒకడు, కొట్టినవాడు ఒకడు. సాయంత్రానికి స్కోరుకార్డు ప్రతివాడి జాతకమూ విప్పి చూపిస్తుంది. ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. తొంభై నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలు. మిగతా ఎనభై ఏడు నిమిషాలూ వాడేం చేశాడో కెమెరా చూపించదు, ఎందుకంటే కెమెరా బంతి వెనకే తిరుగుతుంది. అదీ అరచెయ్యంత తెర మీద.

ఈ మాట నాకు పుస్తకంలో కాదు, మా మైదానంలో తెలిసింది. మేకపోతు పందెం ఫుట్‌బాల్ టోర్నమెంటు, గెలిచిన ఊరికి మేకపోతు. ఓ సగం ఆటంతా బంతిని చూడకుండా ఒక్క కుర్రాణ్ణే చూద్దామని పంతం పట్టాను. ఆరో నంబరు బనీను, మధ్యలో ఆడే కోయ అబ్బాయి, పదిహేడేళ్ళుంటాయేమో. మొదటి పావుగంట కళ్ళు పదే పదే బంతి వైపే పోయాయి. తర్వాత అలవాటైంది. వాడు ఆ సగంలో బంతి ముట్టుకుంది పన్నెండుసార్లు, వేళ్ళ మీద లెక్కపెట్టాను. కానీ అవతలి టీము పదో నంబరు వాడు ఎప్పుడు వెనక్కి తిరిగి బంతి అందుకోబోయినా, వీడు రెండడుగుల దూరంలో నిలబడి ఉండేవాడు. ముట్టుకునేవాడు కాదు, తన్నేవాడు కాదు, నిలబడేవాడంతే. పదో నంబరు ముందుకి తిరగలేక బంతిని వచ్చిన దారినే వెనక్కి ఇచ్చేసేవాడు. పదకొండుసార్లు అలాగే జరిగింది. వీడి కుడి వైపు, వెనక కాపలా కాసే బ్యాకు ముందుకి పరిగెత్తితే, వీడు చప్పుడు లేకుండా ఆ ఖాళీలోకి జరిగేవాడు. గోల్ కొట్టిన తొమ్మిదో నంబరు వాణ్ణి ఆట అయ్యాక భుజాల మీద ఎక్కించుకున్నారు. ఆరో నంబరు వాళ్ళ నాన్న మాత్రం సైకిలు స్టాండు తీస్తూ, "ఏం ఆడావురా, బంతే తన్నలేదు గదా" అన్నాడు. కుర్రాడు చెప్పులు వెతుక్కుంటున్నాడు, బదులు చెప్పలేదు.

పెద్ద ఆటల్లో ఆ నాన్న పని యాప్‌లు చేస్తున్నాయి. ఆట అయిన మరుక్షణం ప్రతి ఆటగాడికీ పదికి ఇన్ని మార్కులు. అవి ఎక్కువగా లెక్కపెట్టగలిగిన పనుల మీద వస్తాయి: ఎన్ని పాసులు, ఎన్ని ట్యాకిళ్ళు (ఎదుటివాడి కాలి దగ్గర బంతి లాక్కోవడం), ఎన్ని షాట్లు. మంచి చోట నిలబడి ట్యాకిల్ అవసరమే లేకుండా చేసినవాడికి అందులో మార్కులు రావు. ఎక్స్‌జీ అని ఇంకో అంకె ఉంది. ఒక షాటు ఎంత దూరం నుంచి, ఏ కోణం నుంచి అన్నదాన్ని బట్టి, అలాంటివి వందకి ఎన్ని గోలవుతాయో చెప్పే అంచనా. అది టీములని తూచడానికి పనికొస్తుంది, అదీ చాలా ఆటల మీద. ఒక్క రాత్రి మీద ఒక్క మనిషిని తూచడానికి అంత నమ్మకమైన తక్కెడ కాదు.

పైగా వాడికి ఏ పని చెప్పారో మనకి తెలీదు. వింగులో, అంటే మైదానం అంచున, ఆడేవాడు ముందుకి వెళ్ళడం లేదని తిడతాం. వెళ్ళొద్దని, వెనకున్న బ్యాకుకి కాపలా కాయమని కోచ్ చెప్పి ఉండొచ్చు. అప్పుడు తగువు కోచ్‌తో, ఆటగాడితో కాదు. తిట్లు మాత్రం ఆటగాడికే చేరతాయి.

ఎంపిక దగ్గరికి మళ్ళీ వస్తే, అభిమానులు మరిచిపోయే ఇంకో సంగతి ఉంది: కోచ్ ముందున్న పళ్ళెంలో ఏముంది? దీనికి భువనేశ్వర్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2024 జనవరి 19న కళింగ స్టేడియంలో మన దేశపు సూపర్ కప్ డెర్బీ. సరిగ్గా అప్పుడే ఖతార్‌లో ఆసియా కప్ జరుగుతోంది. భారత జట్టుతో వెళ్ళిన మోహన్ బగాన్ వాళ్ళు ఏడుగురు: విశాల్ కైత్, శుభాశిష్ బోస్, దీపక్ టాంగ్రీ, అనిరుధ్ థాపా, లిస్టన్ కొలాసో, సహల్, మన్వీర్. ఈస్ట్ బెంగాల్ నుంచి వెళ్ళింది ఇద్దరే, మహేశ్, లాల్‌చుంగ్‌నుంగా. అంటే ఒక క్లబ్బు వెన్నెముక సగం దోహాలో ఉంది. దానికి తోడు అప్పుడే మోహన్ బగాన్ తన కోచ్ హువాన్ ఫెరాండోని తీసేసింది. ఆ ఆటకి బెంచీ దగ్గర నిలబడింది క్లిఫర్డ్ మిరాండా. ఏడాది తిరక్కముందు 2023 ఏప్రిల్లో ఇదే సూపర్ కప్పుని ఒడిశా ఎఫ్‌సీకి గెలిపించిన మనిషి. అందుకని మా జిల్లాలో ఆయనంటే కాస్త అభిమానం ఉండేది.

ఆ రోజు మోహన్ బగాన్ ముందు గోల్ కొట్టింది, హెక్టర్ యుస్తే. క్లేటన్ సిల్వా సమం చేశాడు. విరామానికి ముందు మోహన్ బగాన్‌కి పెనాల్టీ వస్తే దిమిత్రి పెట్రాటోస్ తన్నిన బంతి కర్రకి తగిలింది. తర్వాత నందకుమార్ ఒకటి, క్లేటన్ ఇంకోటి, 3-1. ఆ నందకుమార్ కూడా మిరాండా చేతి కింద ఒడిశా ఎఫ్‌సీకి ఆడి కప్పు గెలిచిన కుర్రాడే. బావ ఆ రాత్రి తిట్టింది మాత్రం పెట్రాటోస్‌నీ, మిరాండానీ. నాలుగు నెలల ముందు డ్యూరాండ్ కప్ ఫైనల్లో, పదిమందితో ఆడుతూ, ఈస్ట్ బెంగాల్ మీద ఒకే ఒక్క గోల్ కొట్టి గెలిపించింది ఇదే పెట్రాటోస్. అప్పుడు బావ ఫోను మీద వాడి బొమ్మ. ఖతార్‌లో ఉన్న ఏడుగురి గురించి ఒక్క మాట లేదు. లేనివాణ్ణి తిట్టడం కష్టం, కనపడేవాణ్ణి తిట్టడం తేలిక.

విదేశీయుల నిబంధన ఇంకో ముడి. మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లో 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయుల కంటే ఎక్కువ ఉండకూడదు. క్లబ్బులు ఆ నాలుగు చోట్లనీ ఎక్కువగా వెన్నుపూస మీద ఖర్చు పెడతాయి: వెనక మధ్యలో ఒకడు, నడుమ ఒకడో ఇద్దరో, ముందు గోల్ కొట్టేవాడు. అందుకని "ఆ స్ట్రైకర్ని దించు" అని మనం అరిచినప్పుడు, కోచ్ ఇంకో విదేశీయుణ్ణి బయటికి పిలవాల్సి వస్తుంది. వాడు వెనక బ్యాకయితే అక్కడ ఇంకో మనవాణ్ణి నిలబెట్టాలి. ఒక్క మార్పు మూడు చోట్ల చిరుగుతుంది. మన ఫార్వర్డులు మధ్యలో కాకుండా వింగుల్లో పెరగడానికి ఇది ఒక కారణం. 2024 జూన్‌లో రిటైరయిన సునీల్ ఛెత్రీని నలభయ్యో ఏట, 2025 మార్చిలో, దేశానికి గోల్ కొట్టేవాడు లేక మళ్ళీ పిలవాల్సి వచ్చింది.

మా ఊరి టీముల్లో ఇలాంటి నిబంధన ఇంకొకటుంది, ఎవరూ రాసి పెట్టలేదు. పక్క ఊరికి ఆటకి వెళ్ళాలంటే నాలుగు మోటారు సైకిళ్ళు కావాలి. బండి ఉన్నవాడు ఎలా ఆడినా టీములో ఉంటాడు.

వ్యూహం మీద తగువుకి పెద్దమ్మ 1997 నాటిది. జులై 13, ఫెడరేషన్ కప్ సెమీ ఫైనల్, సాల్ట్‌లేక్‌లో లక్షా ముప్పై వేల పైచిలుకు జనం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా "డైమండ్" పద్ధతి అప్పటికి ఊగిపోతోంది, క్వార్టర్ ఫైనల్లో చర్చిల్ బ్రదర్స్‌ని 6-0తో కొట్టింది. నడిమి వరసలో నలుగురిని వజ్రం ఆకారంలో పేర్చడం, మధ్యలో బలం, అంచుల్లో ఖాళీ. ఎదురుగా ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే బెనర్జీ. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, భైచుంగ్ భూటియా హ్యాట్రిక్. మర్నాటి నుంచి డైమండ్ అంటే నవ్వులాట. ఆరు గోల్స్ కొట్టిన రోజున ఆ అంచుల ఖాళీ లేదా? ఉంది. వాడుకునేవాడు ఎదురుగా లేడు.

ఇన్ని చెప్పాక బావ ఒక మంచి ప్రశ్న వేశాడు. "అయితే కోచ్‌ని ఎప్పుడూ తప్పు పట్టకూడదా? ఏం చేసినా అదృష్టం అనేస్తావా?"

పట్టొచ్చు. ఎలా పట్టాలో నాకు మన హైదరాబాద్ రహీం సాబ్ కథలో దొరుకుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడలు. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత వెనక కోటగోడలాంటి జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ మోహన్ బగాన్ బ్యాకు. వెనక నిలబడి వచ్చిన ప్రతి బంతినీ తలతో కొట్టే పని ఇక కష్టం. రహీం అతన్ని బయట కూచోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా మీద ఒకటి పీకే బెనర్జీ, ఒకటి జర్నైల్, 2-1తో బంగారం. ఇది గెలిచింది కాబట్టి కథ అయింది, ఓడి ఉంటే కుట్లు పడ్డ తలతో బ్యాకుని ముందు ఆడించిన మూర్ఖుడి కథ అయ్యేది, ఒప్పుకుంటాను. కానీ స్కోరు పక్కన పెట్టి చూడండి. ఉన్న గాయం ఏమిటో తెలుసు. అతను లేని చోట వెనక నిలబడడానికి అరుణ్ ఘోష్ ఉన్నాడు. సెమీస్‌లో ఒకసారి చూసుకున్న పనినే ఫైనల్లో మళ్ళీ చేశాడు. ఆటకి ముందే ఎవరైనా అడిగితే చెప్పగలిగిన కారణాలు ఇవి. కారణం ముందే చెప్పగలిగినవాణ్ణి ఓడినా తిట్టను. చెప్పలేనివాణ్ణి గెలిచినా అడుగుతాను. బ్రుజోన్ ఏ గట్టున ఉన్నాడో కలిమెల నుంచి నాకు కనపడదు.

దాదా ఇదంతా వింటూనే రొయ్యలు తూస్తున్నాడు. పందెం అది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బావ ఇలిష్ కొనాలి, మనం ఇలస అనే చేప, అదే గోదారి ఎదురీదితే పులస. మోహన్ బగాన్ గెలిస్తే దాదా చింగ్రి ఇవ్వాలి, అంటే రొయ్యలు. కోల్‌కతాలో తరాలుగా నడుస్తున్న లెక్కే ఇది. భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెలో వచ్చినవి, తలకాయలు కొంచెం నల్లబడ్డాయి. బావ వేలితో ఒకదాన్ని తిరగేసి చూస్తే దాదా కళ్ళెర్రజేశాడు, "ఊరికే ఇస్తుంటే ఏరుకుంటావా!"

ఆ నెల 31న గోవాలో సూపర్ కప్, మళ్ళీ ఇదే డెర్బీ ఉంది. దాదా బాకీల పుస్తకంలో వెనక పేజీ తిప్పి టీము రాయడం మొదలుపెట్టాడు. నలుగురు బ్యాకులు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు. పైన గోలీ గీత మాత్రం ఖాళీ. పెన్ను దాని మీద ఆడిస్తూ చాలాసేపు కూచున్నాడు.

"గిల్ అని రాయి," అన్నాడు బావ, రొయ్యల సంచి ముడి వేసుకుంటూ.

"పెనాల్టీల దాకా వస్తే?" అన్నాడు దాదా.